బెల్టు కట్టినంతమాత్రమున

కట్టడములపై పనిచేయు కూలీ జారిపడి మరణించినప్పుడెల్ల, బెల్టు పెట్టుకొనియున్నచో బ్రదికెడివాడని మేస్త్రీలే గాక చదువుకొన్న యజమానులు సైతము తేల్చివేయుట నాకు మిక్కిలి క్లేశము కలిగించుచున్నది. ఏలయన పడిపోవువానిని కాపాడునది బెల్టు గాదు, ఆ బెల్టునకు పైన నేమున్నదో, క్రింద నెంత ఖాళీ యున్నదో ముందుగా లెక్కగట్టి చేసిన యేర్పాటు.

లారీనుండి ఇటుకలు దింపువేళ అందుకొనువానిని గమనింపుడు. ఇటుక అరచేతిని తాకగనే అతడు చేతులను దానితోబాటు వెనుకకు పోనిచ్చును. చేతులు బిగబట్టెనా, అదే యిటుక వ్రేళ్లను నలుగగొట్టును. పడు మనిషి ఇటుక, త్రాడు అందుకొను చేయి. పడిన దూరమును, ఆగుటకు పట్టిన దూరముతో భాగించి ఒకటి కలిపినచో, సగటున బరువునకు ఎన్ని రెట్ల బలము దేహముపై పడునో తెలియును. 80 కిలోల మనిషి 1.8 మీటర్లు పడి, సాగని త్రాటివలన 10 సెంటీమీటర్లలో ఆగినచో 19 రెట్లు, అనగా 1,520 కిలోలు. అదే, మడచి కుట్టిన పట్టీ కుట్లు వరుసగా తెగుచు 90 సెంటీమీటర్లు సాగినచో 3 రెట్లే, 240 కిలోలు. ఈ పట్టీయే షాక్ అబ్జార్బరు. అది వెనుకకు పోవు చేయి. భుజములను, తొడలను చుట్టు హార్నెస్ వెడల్పైన అరచేయి. త్రాటి కొన కొక్కెమును కట్టడమునకు తగిలించిన చోటు, అందుకొనువాడు పాదము లూనిన నేల. అది జారినచో చేతి నేర్పెల్ల వ్యర్థము.

నడుము బెల్టు దెబ్బనంతయు ఉదరముపై మోపును గనుక, పడువానిని ఆపుటకు దానిని వాడరాదని అమెరికాలో 1998 జనవరి 1 నుండి నిషేధించిరి. నిపుణుడు ప్రత్యేకముగా లెక్కగట్టనిచో, కొక్కెము తగిలించు చోటు మనిషికి 5,000 పౌనుల, అనగా సుమారు 2,270 కిలోల బలము నోర్వవలెనని అచ్చటి నియమము. పరంజాలోని సర్వి కర్రకు కొక్కెము తగిలించి ధైర్యముగా నుండుమనుట ఘోరము.

ఇక ఖాళీ మాట. మూడు మీటర్ల యెత్తున స్లాబుమీద, తన పాదములవద్దనే 1.8 మీటర్ల త్రాటిని తగిలించుకొన్నవాడు పడినచో, వీపున హార్నెస్‌కు త్రాడు కట్టిన చోటునుండి పాదములకు మరి మీటరున్నర యుండుటచేత, త్రాడు బిగియకముందే నేలను తాకును. కావున తలకు పైన తగిలించుటయే మేలు. అంతకంటె మేలు, అంచుల వెంబడి గట్టి రెయిలింగు.

కట్టుచున్న ప్రతి భవనమునకును దిష్టిబొమ్మ వ్రేలాడుచున్నది గాని, ఒక్క ప్రాణమునైనను అది పట్టి నిలుపజాలదు. ఇల్లు కట్టించు పాఠకులారా! కంట్రాక్టరుతో ఒడంబడిక వ్రాసికొను దినముననే, కూలీలు కొక్కెములు తగిలించుకొను చోట్లు ఎచ్చటెచ్చట నున్నవో చూపుమని యడుగుడు.