పిల్లల చర్మానికి ఏ సబ్బు మంచిది?

మరమగ్గాల ఊరు నగరిలో ఎండ, చెమట ఎంతో మనకు తెలుసు. 12, 13 ఏళ్ళు వచ్చేసరికి పిల్లల చర్మంలో నూనె గ్రంథులు చురుకవుతాయి, మొటిమలు మొదలవుతాయి. అది మురికి అనుకుని కొందరు వుజూ చేసిన ప్రతిసారీ సబ్బుతో ముఖం రుద్దుతారు. మేము చెప్పేది ఒక్కటే: వుజూకు నీళ్ళు చాలు, ముఖానికి సబ్బు రోజుకు రెండుసార్లు మించవద్దు.

చర్మానికి సహజంగా కొద్దిపాటి ఆమ్లగుణం ఉంటుంది. దాని పి.హెచ్. సుమారు 5. మామూలు సబ్బుది 9 నుంచి 10. అందుకే సబ్బు ఎక్కువైతే చర్మం పొడిబారి మండుతుంది. బాడీవాష్ కొనేటప్పుడు సీసాపై పి.హెచ్. 5.5 అని, సువాసన కలపలేదని రాసి ఉందా చూడండి. నురుగు ఎక్కువైతే శుభ్రత ఎక్కువని కాదు. పీచుతో రుద్దనివ్వకండి.

జుమా గుసుల్‌లోనూ ఒళ్ళంతా నీరు తగలడమే ముఖ్యం, సబ్బు షరతు కాదు. ఖరీదైన సీసా కొనలేకపోయామని తల్లులు బాధపడనక్కరలేదు.

నొప్పి పెట్టే, మచ్చలు పడే మొటిమలకు ఎవరో చెప్పిన స్టెరాయిడ్ క్రీములు పూయకండి. చర్మవైద్యునికి చూపించండి. మొటిమలు పిల్లల తప్పు కాదు, వారిని ఎగతాళి చేయకండి.