ఆఫీసర్ల బంతి... అడుగడుగునా పద్ధతి!

పెద్దాయన మొదలు పెట్టందే ఎవరూ ముద్ద ముట్టరు. ఆయన లేచేదాకా ఎవరూ కుర్చీ వదలరు. మాట మెల్లగా, నడక నెమ్మదిగా! ఇదేదో పాతకాలం పెళ్లి పందిట్లో బంతి భోజనం అనుకునేరు. కాదు... సైన్యంలో ఆఫీసర్ల మెస్‌లో జరిగే 'డిన్నర్ నైట్'.

సరిహద్దు దాటి స్థిరపడిన తెలుగువారికి ఈ మెస్‌లు మరీ దూరమేం కాదు. నీలగిరుల్లోని వెల్లింగ్టన్‌లో డిఫెన్స్ సర్వీసెస్ స్టాఫ్ కాలేజీ, మద్రాస్ రెజిమెంట్ కేంద్రం ఉన్నాయి. బెంగళూరులో మద్రాస్ ఇంజినీర్ గ్రూప్, చెన్నై పరంగిమలైలో ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ, పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో నేషనల్ డిఫెన్స్ అకాడమీ, బరంపురం పక్కనే గోపాల్‌పూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ... అన్నీ మనవాళ్లున్న రాష్ట్రాల్లోనివే. చిన్న ఊళ్ల నుంచి ఆఫీసరు కొలువుకు వెళ్లే పిల్లలకు పరేడ్ మైదానం కన్నా ఈ భోజనాల బల్ల దగ్గరే ఎక్కువ బెరుకు. చిన్నప్పటి నుంచి చేత్తో కలుపుకుని తిన్నవాళ్ల ముందు ఒక్కసారిగా వరసగా చెంచాలు, ఫోర్కులు, చాకులు పేరిస్తే మరి తడబడరా? కానీ బంతి మర్యాద తెలిసినవాళ్లకు ఇక్కడ కొత్తగా నేర్చుకోవాల్సింది కొంచెమే.

వేళకు ముందే...

చెప్పిన వేళ కన్నా ఆలస్యంగా వెళ్లడం ఇక్కడ పెద్ద తప్పు. అందరూ 'మెస్ కిట్' అనే లాంఛన దుస్తుల్లో ముందుగది చేరుకుంటారు. కమాండింగ్ ఆఫీసరుకు, ముఖ్య అతిథికి నమస్కారాలు చెప్పాకే కబుర్లు. ఎవరి కుర్చీ ఎక్కడో ముందే పటం గీసి పెడతారు. ఎవరి చోటు దగ్గర వాళ్లు నిలబడి, ముఖ్య అతిథి కూర్చున్నాకే కూర్చుంటారు. బల్ల మధ్యలో మెరిసే వెండి వస్తువులు అలంకారానికి మాత్రమే కాదు. ఒక్కో కప్పు వెనకా ఓ యుద్ధమో, ఓ గెలుపో, బదిలీపై వెళ్తూ ఓ ఆఫీసరు ఇచ్చిన జ్ఞాపకమో ఉంటుంది. రెజిమెంటు చరిత్ర అంతా ఆ బల్ల మీదే!

బయటి నుంచి లోపలికి

చెంచాల లెక్క చూడ్డానికి చిక్కే గానీ సూత్రం ఒక్కటే. పళ్లెానికి దూరంగా ఉన్నవాటిని ముందు తీసుకోవాలి. వంటకం మారేకొద్దీ లోపలికి రావాలి. రొట్టె ముక్కల పళ్లెం ఎడమవైపుది మనది, నీళ్ల గ్లాసు కుడివైపుది మనది. తినడం అయిపోతే చాకు, ఫోర్కు పక్కపక్కన పెడితే చాలు, 'ఇక తీసెయ్యొచ్చు' అని వడ్డించేవాళ్లకు అర్థమైపోతుంది. శాకాహారులను గుర్తుపట్టడానికి కొన్ని మెస్‌లలో వాళ్ల ముందు ఓ గులాబీ పెడతారు. ముఖ్య అతిథి తినడం ముగిస్తే అందరి పళ్లేలూ తీసేస్తారు. కబుర్లలో పడ్డ కుర్ర ఆఫీసర్లకు అరకడుపే గతి! అందుకే ముఖ్య అతిథి నిదానంగా తినేవారైతే బాగుండునని కుర్రవాళ్లు కోరుకుంటారు.

మాటకూ హద్దుంది. మతం, రాజకీయాలు, ఆఫీసు గొడవలు, స్త్రీల ప్రస్తావన... ఇవి బల్ల దగ్గరికి రాకూడదన్నది పాత కట్టుబాటు. తలా ఓ భాష, తలా ఓ ప్రాంతం నుంచి వచ్చినవాళ్లు ఒకే కప్పు కింద కలిసి తింటున్నారు. రేపు ఒకరి మీద ఒకరు ప్రాణం పెట్టుకోవాల్సినవాళ్ల మధ్య ఈ రాత్రి మాటామాటా పెరగకూడదు కదా!

కడబంతి కుర్రాడే కీలకం

వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా ఫర్వాలేదంటారు. ఇక్కడ కడబంతికే ఓ గౌరవం ఉంది. బల్లకు ఓ చివర మెస్ కమిటీ అధ్యక్షుడు కూర్చుంటే, రెండో చివర అందరికన్నా చిన్న ఆఫీసరు ఉంటారు. ఆయన్ని 'మిస్టర్ వైస్' అంటారు. భోజనాలయ్యాక వైన్ ఉన్న గాజు కూజా చేతులు మారుతూ ఎడమవైపుకే సాగుతుంది. అప్పుడే ఎవరూ గుక్క వేయరు. అధ్యక్షుడు పిలవగానే మిస్టర్ వైస్ లేచి భారత రాష్ట్రపతి పేరున గ్లాసు ఎత్తమని అందరినీ కోరతారు. సీనియర్లంతా లేచేది ఆ చిన్నవాడి మాట మీదే!

ఆ సమయంలో జాతీయ గీతం వాయిస్తారు. పూర్తి గీతానికి పట్టే సమయం 52 సెకన్లు. మెస్‌లో టోస్ట్ వేళ వినిపించేది మొదటి, చివరి పంక్తులతో సుమారు 20 సెకన్ల పొట్టి రూపం. కేంద్ర హోం శాఖ నిబంధనల్లోనే ఈ మాట ఉంది. తెల్లదొరల కాలంలో ఈ గౌరవం రాజుగారికి దక్కేది. 1950లో గణతంత్రమయ్యాక రాష్ట్రపతిది అయింది. మద్యం ముట్టనివాళ్లు బెంగపడక్కర్లేదు. గ్లాసులో నీళ్లున్నా లేచి ఎత్తితే చాలు.

మారుతున్న మర్యాద

ఇవన్నీ దొరలు వదిలి వెళ్లిన అలవాట్లేనా అని అడిగేవాళ్లున్నారు. సైన్యమూ ఆ ప్రశ్న వేసుకుంది. డిన్నర్లలో పైప్ బ్యాండ్ వంటి కొన్ని పాత ఆనవాయితీలకు 2023లో ఆర్మీ స్వస్తి చెప్పింది. 2024లో నౌకాదళం మెస్‌లలో కుర్తా పైజమాకు అనుమతించింది. చెన్నై అకాడమీలో 1992 నుంచి మహిళలకూ శిక్షణ ఇస్తున్నారు. ఖడక్‌వాస్లాలో 2022లో చేరిన తొలి అమ్మాయిల బృందం 2025 మేలో పట్టా పుచ్చుకుంది. దాంతో కడబంతిలో కూర్చునేది కుర్రాడే కానక్కర్లేదు, మన ఇంటి ఆడపిల్లా కావచ్చు.

వేషం మారినా అసలు సంగతి మారలేదు. అది తెలియాలంటే డిన్నర్ నైట్ పక్కన 'బడాఖానా'ను పెట్టి చూడాలి. పండగలకూ, రెజిమెంటు వేడుకలకూ ఆఫీసర్లు, జవాన్లు కలిసి కూర్చుని తినే విందు అది. ఆ రోజు ఆఫీసర్లే గరిటె పట్టి జవాన్లకు వడ్డించడమూ ఉంటుంది. అక్కడ చాకులు, ఫోర్కుల లెక్కే లేదు. దేశం ముందు, తన కింది జవాన్ల క్షేమం తర్వాత, తన సుఖం అన్నిటికన్నా చివర... డెహ్రాడూన్ అకాడమీలో 1932లో జనరల్ చెట్‌వుడ్ ఆఫీసర్లకు చెప్పిన మాటల సారం ఇదే. తన ముందు పళ్లెం ఉన్నా పక్కవారి కోసం ఆగడం ఆ పాఠంలో మొదటి మెట్టు.

మన బంతిలోనూ అంతే. అందరికీ వడ్డన పూర్తయ్యేదాకా చెయ్యి పెట్టం. పెద్దలు ఉత్తరాపోశనం పట్టేదాకా లేవం. బంతిలో వలపక్షం చూపితే ఊరంతా తప్పు పడుతుంది. అందుకే పిల్లల్ని అకాడమీకి పంపే తల్లిదండ్రులు చెంచాల గురించి దిగులు పెట్టుకోనక్కర్లేదు. ఏ చెంచా ముందో పక్కవాళ్లను చూసి నేర్చుకోవచ్చు. పక్కవాళ్ల విస్తరి నిండిందో లేదో చూసుకోవడం మాత్రం ఇంట్లోనే నేర్చుకుని వెళ్లాలి!