హెడరు మారితే ఎవరికి తెలియాలి?

పిల్లలూ, 'సీ' భాషలో రాసే పెద్ద ప్రోగ్రాము ఒక్క ఫైలులో ఇమడదు. వందలకొద్దీ ఫైళ్ళుంటాయి. కంపైలరు ఒక్కొక్క ఫైలునూ విడిగా యంత్రభాషలోకి మార్చి, ఆబ్జెక్టు ఫైలు అనే ముక్కను తయారుచేస్తుంది. ఆ ముక్కలన్నీ కలిపితే ప్రోగ్రాము.

చాలా ఫైళ్ళకు కావలసిన సంగతులను హెడర్ అనే వేరొక ఫైలులో ఒక్కసారి రాసిపెడతారు. దాని పేరు కనబడగానే కంపైలరు దాన్ని తెరిచి, అందులోదంతా అక్కడ చేర్చుకుంటుంది.

ఇక్కడే ఉంది చిక్కు! ఒక బడి ప్రోగ్రాములో, 'ప్యాసు మార్కు 35' అని హెడరులో ఉందనుకోండి. ఫలితాల జాబితా వేసే ఫైలూ, ప్రోగ్రెస్ కార్డు అచ్చువేసే ఫైలూ దాన్నే వాడుకుంటున్నాయి. ఎవరో 35ను 40 చేసి, మొదటి ఫైలును మాత్రమే తిరిగి కంపైలు చేశారు. ఇంకేముంది! 37 మార్కులు వచ్చిన కుర్రవాడు జాబితాలో తప్పాడు, కార్డులో ప్యాసయ్యాడు. రెండో ముక్కలో పాత 35 అలాగే ఉండిపోయింది మరి. కంప్యూటరు పల్లెత్తు మాట అనదు. రాసినదాన్ని ఎన్నిసార్లు చదివినా తప్పు దొరకదు.

అమెరికాలో బెల్ ప్రయోగశాలలో స్టీవ్ జాన్సన్ అనే ఆయన ఇలాంటి అవస్థే పడ్డాడు. తప్పు దిద్దాడు గాని, దిద్దిన ఫైలును కంపైలు చేయలేదు. లేని తప్పు కోసం ఉదయమంతా వెతికాడు! ఆయన గోడు విని, అక్కడే పనిచేసే స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో 'మేక్' అనే సాధనం రాశాడు. 2003లో దానికి ఏసీఎం సంస్థ పురస్కారం వచ్చింది.

మేక్ చేసే పని తేలికే. ఏ ముక్క ఏయే ఫైళ్ళ మీద ఆధారపడిందో మనం జాబితా ఇస్తాం. ముక్క తయారైన తరవాత వాటిలో ఏదైనా మారి ఉంటే, ఆ ముక్కను తిరిగి చేయిస్తుంది. లేకపోతే ముట్టుకోదు. మన హెడరు రెండు ముక్కల జాబితాలోనూ ఉంటే, రెండూ 40 నేర్చుకుంటాయి.

మరి ఆ జాబితా రాసేదెవరు? బళ్ళో పట్టీలు చూసిన అనుభవంతో చెబుతున్నాను: చేత్తో రాసే జాబితా మొదటి నెల చక్కగా ఉంటుంది, ఆ తరవాత వెనకబడుతుంది. పైగా ఒక హెడరు మరొక హెడరును పిలుస్తుంది, అది ఇంకొకదాన్ని. వాటన్నిటినీ స్వయంగా తెరిచింది ఎవరు? కంపైలరే గదా! అందుకే జీసీసీ వంటి కంపైలర్లు, మనం కోరితే, తాము తెరిచిన హెడర్ల పేర్లను ఒక చిన్న ఫైలులో రాసిపెడతాయి. మరుసటిసారి మేక్ దాన్ని చదువుకుంటుంది.

మొట్టమొదటిసారి ఆ చిన్న ఫైలు ఉండదే అంటారా? అప్పుడు ముక్కలూ ఉండవు. అన్నీ చేయవలసిందే!