పొలముపై గడ్డి కప్పును కొలుచుట

పంట కోసిన పిదప పొలమున మిగులు కొయ్యకాళ్లను, ఆకులను, చొప్పముక్కలను వ్యర్థములని పెక్కురు తగులబెట్టుదురు. కాని తొలకరి చినుకుల దెబ్బ నేలకు తగులకుండ నడ్డుపడునవి యివియే. ఈ యడ్డు లేనిచో పైమట్టి చెదరి బిగిసికొనును. నీరింకక మన్నుతోగూడ పల్లమునకు బోవును. తెలంగాణమందలి ఎఱ్ఱచెల్కలకు ఈ బాధ మెండు.

విత్తిన పిదప నేలలో నూటికి 30 వంతులైన కప్పబడియుండవలెనని శాస్త్రజ్ఞులు హద్దు నేర్పరచిరి. అంతమాత్రము కప్పున్నను కొట్టుకొనిపోవు మన్ను ఇంచుమించు సగమునకు తగ్గును. అయినను పశువులకు మేత కావలెను గదా! ఎంత గొనిపోవచ్చును, ఎంత విడువవలెను? దీనిని తేల్చుటకు కొలత కావలెను.

ఇచ్చట కంటి యంచనా చాలదు. గట్టుపై నిలిచి యేటవాలుగా జూచినచో కొయ్యలు తమ వెనుక మట్టిని దాచును. కప్పు హెచ్చుగా దోచును. కావున నిట్టనిలువుగా క్రిందికి జూడవలెను. ఇందులకై అడ్డుతీగలు గల చూపుగొట్టమును వాడుదురు. తీగలు కలియు బిందువున గడ్డియో మట్టియో చూచి వ్రాసికొని, నూఱు చోట్ల నట్లు చేసినచో గడ్డి కనబడిన చోట్ల సంఖ్యయే నూటికి వంతు. చేతిఫోనుతో నిలువుగా దీసిన ఛాయాచిత్రముపై గళ్లు గీచి లెక్కించుటయు నిట్టిదే.

ఎండుగడ్డియు మట్టియు రంగున నించుమించు నొకటిగా నుండుటచే ఛాయాచిత్రము కొన్నియెడల మోసపోవును. అప్పుడు కంటికి గానరాని పరారుణ కిరణములు తోడ్పడును. గడ్డిలోని సెల్యులోజు 2100 నానోమీటర్ల చెంత కాంతిని పీల్చుకొనును. మట్టి యట్లు పీల్చదు. వీపున మోయదగిన వర్ణపటమాపకము ఈ భేదమును పట్టును. గడ్డి తడిసియున్నచో భేదము మసకబాఱును.

మెట్టనేలల సంరక్షణ మన చెంతనే పరిశోధింపబడుచున్నది. 1998లో సైబర్ టవర్స్ వెలసిన హైటెక్ సిటీకి వాయవ్యమున, పటాన్‌చెరువునందు, 1972లో నెలకొన్న ఇక్రిశాట్ గలదు. సంతోష్‌నగరున 1985లో నేర్పడిన కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ గలదు.

విద్యార్థులారా! యంత్రము లేదని వెనుదీయవలదు. 15 మీటర్ల త్రాటికి 15 సెంటీమీటర్ల కొక గుర్తు చొప్పున నూఱు గుర్తులు పెట్టుడు. సాళ్లకు ఐమూలగా పఱచి, గడ్డిపై బడిన గుర్తులను పైనుండి లెక్కింపుడు. అయిదు చోట్ల నట్లు చేసి సగటు గట్టుడు. 30కి తక్కువైనచో, ఆ గడ్డిని గొనిపోవలదనియు, కాల్పవలదనియు ఇంటి పెద్దలకు లెక్కతో విన్నవింపుడు.