చవక కోసం కర్నూలు దాకా పోతారు, మన నూనె కోసం పక్క వీధికి ఎందుకు రారు?

పోయిన దసరాకు ముందు ఆదివారం. కర్నూలులో ఒక డిస్కౌంట్ సూపర్ మార్కెట్ బిల్లింగ్ క్యూలో నిలబడి ఉన్నా. ముందర పదకొండు ట్రాలీలు. ఏసీ ఉంది గానీ జనం ఊపిరికే ఉక్కపోస్తోంది. ఇంట్లోకి ప్లాస్టిక్ డబ్బాలు కావాలంటే వచ్చిన నేను, ఇంత కష్టపడి ఎవరు కొంటారబ్బా అనుకుంటూ పక్క క్యూలోకి చూశాను. మా డోన్ టీచరమ్మ!

రెండేళ్లుగా మా దగ్గర గానుగ నూనె, కొర్ర బియ్యం, కందిపప్పు తీసుకున్న మనిషి. నాలుగు నెలలుగా రావడం మానేసింది. ట్రాలీలో రిఫైన్డ్ నూనె ప్యాకెట్లు అయిదు ఉన్నాయి. నన్ను చూసి కాస్త ఇబ్బంది పడింది. ఆమె కంటే నేనే ఎక్కువ ఇబ్బంది పడ్డాను.

"ఏం నాయనా, నువ్వూ వచ్చినావా?" అంది.

"డబ్బాల కోసం వచ్చినా మేడం. మీరు ఎంత సేపైంది వచ్చి?"

"పొద్దున ఎనిమిదికి ఎక్కినా బస్సు. ఇంటికి పోయేసరికి మూడవుతుంది."

డోన్ నుంచి కర్నూలుకు యాభై కిలోమీటర్లకు పైనే. బస్సు, అక్కడి నుంచి ఆటో, క్యూ, మళ్లీ ఆటో, బరువైన సంచులతో బస్సు. మా గోడౌన్ ఆమె ఇంటికి రెండు వీధుల అవతల. పై వీడియోలో గానుగ చూపించాను, రేటు చెప్పాను గానీ, ఈ సంగతి చెప్పడానికి టైం చాల్లేదు. అందుకే రాస్తున్నా.

మనలో చాలామంది ఒక మాట అనుకుంటాం. జనానికి సౌకర్యం అలవాటైపోయింది, బద్ధకం పెరిగింది, అందుకే మన దాకా రావడం లేదని. ఆ రోజు క్యూలో నిలబడ్డాక ఆ మాట నాకు మింగుడు పడలేదు. బద్ధకస్తులు ఏడు గంటలు పెట్టి నెల సరుకులు తెచ్చుకుంటారా?

డిస్కౌంట్ దుకాణం అసలు కిటుకే అది. సౌకర్యం తగ్గించి, ఆ మిగిలిన ఖర్చులో కొంత ధరలో తగ్గిస్తారు. జర్మనీలో ఆల్బ్రెక్ట్ అన్నదమ్ములు వాళ్లమ్మ నడిపిన కొట్టును ఆల్డిగా పెంచింది ఈ పద్ధతి మీదే. రకాలు తక్కువ, సరుకు వచ్చిన అట్టపెట్టెలోనే అరల మీద, సంచిలో సర్దుకునేది కొనేవాడే. అమెరికాలో ఉన్న మా పెద్దమ్మ కొడుకు కారులో ఎప్పుడూ ఒక పావు డాలర్ బిళ్ల ఉంచుకుంటాడు. ఆల్డిలో ఆ బిళ్ల పెడితేనే బండి ఊడొస్తుంది, బండి తెచ్చి మళ్లీ చోట్లో పెడితేనే బిళ్ల తిరిగొస్తుంది. బండ్లు ఏరే మనిషి జీతం మిగిలినట్టే కదా. లక్షల జీతం తీసుకునేవాడు ఆ బిళ్ల కోసం బండిని తోసుకుంటూ వెనక్కి పోతాడు.

మన దేశంలో ఈ లెక్క బాగా పట్టినవాళ్లు డీమార్ట్. రాధాకిషన్ దమానీ 2002లో ముంబై పవాయ్‌లో మొదటి దుకాణం తెరిచారు. 2025 మార్చి ఆఖరికి 415 అయ్యాయి. ఎక్కువ భాగం సొంత భవనాలు, కాబట్టి అద్దె బరువు లేదు. సరుకు ఇచ్చినవాళ్లకు త్వరగా డబ్బు కట్టేసి, ఆ మేరకు రేటు తగ్గించుకుంటారు. నూరు రూపాయల అమ్మకం మీద చివరికి మిగిలేది నాలుగైదు రూపాయలే. ఇంటికి తెచ్చిచ్చే డీమార్ట్ రెడీ ఉంది గానీ పెద్ద ఊళ్లకే, దానికీ డెలివరీ చార్జీ పడుతుంది. అంటే సౌకర్యాన్ని వేరే సరుకులాగా వేరే రేటుకు అమ్ముతున్నారన్నమాట.

చవకగా అమ్మినవాళ్లంతా నిలబడ్డారనీ కాదు. 1997లో చెన్నైలో మొదలైన సుభిక్ష గుర్తుందా? ఏసీ లేదు, హంగు లేదు, ధర మాత్రం తక్కువ. దేశమంతా సుమారు 1,600 దుకాణాలు తెరిచి, చేతిలో డబ్బు ఆడక 2009లో మూతపడింది. మన ఊళ్లలో "రేటు తగ్గిస్తే జనం అదే వస్తారు" అని సలహా ఇచ్చేవాళ్లకు నేను ఈ పేరు చెబుతుంటా. మా నాన్న కూడా ఆ సలహాదారుల్లో ఒకరే.

టీచరమ్మ బిల్లు ఆమె చూపిస్తేనే చూశాను. 4,200 రూపాయలు. అడుగున "మీరు ఆదా చేసింది 560" అని ముద్రించి ఉంది. ఆ 560 ఎమ్మార్పీతో పోలిస్తే. మా డోన్ కిరాణా కొట్టాయన కూడా పూర్తి ఎమ్మార్పీ తీసుకోడు, తెలిసిన మొహమైతే సబ్బు మీద రెండు, పప్పు మీద అయిదు వదిలేస్తాడు. ఆ లెక్కన నిజంగా మిగిలింది మూడు వందలకు లోపే. ఇదివరకైతే అందులో సగం బస్సు టికెట్టుకే పోయేది. 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలయ్యాక పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లలో ఆడవాళ్లకు టికెట్ లేదు. మనం మార్కెటింగ్ గురించి ఎన్ని క్లాసులు విన్నా, మా ఊళ్లో కొనుగోళ్లను మార్చింది ఆ బస్సు. దూరం అంతే ఉంది, దూరం ఖర్చు పోయింది. దానికి తోడు ఆమె పక్కింటామెతో కలిసి వెళ్తుంది, అక్కడే టిఫిను, కాసేపు బజారు. నేను కష్టం అనుకున్నది ఆమెకు ఒక ఆదివారం.

సరే, మా దగ్గర ఎందుకు మానేశారని అడిగేశాను. రేటు అంటుందని అనుకున్నా. ఆమె చెప్పింది వేరు.

"నూనె మంచిదే నాయనా. కానీ నువ్వు ఆదివారం ఏడు నుంచి తొమ్మిది దాకనే తెరుస్తావు. మాకు అదే కదా కాస్త పండుకునే పొద్దు. సీసా నేనే తేవాల. రెండు లీటర్లకు తక్కువ పొయ్యవు. మీ కందిపప్పులో రాళ్లు ఏరుకోలేక నా కండ్లు పోతున్నాయి. డబ్బులు ఎక్కువ ఇచ్చి ఇన్ని పడాల్నా?"

క్యూ కదిలింది. ఆమె వెళ్లిపోయింది. నేను ఆ డబ్బాలు అక్కడే వదిలేసి బయటికొచ్చాను.

డిస్కౌంట్ దుకాణం కష్టపెడుతుంది గానీ ధర తగ్గిస్తుంది. కిరాణా కొట్టు నాలుగు రూపాయలు ఎక్కువ తీసుకుంటుంది గానీ ఖాతా రాసుకుంటుంది, ఫోన్ చేస్తే పిల్లోడితో పంపుతుంది, వంద గ్రాముల జీలకర్ర కూడా పొట్లం కట్టిస్తుంది. నేను ధరా ఎక్కువ తీసుకుంటున్నా, కష్టమూ ఎక్కువ పెడుతున్నా. పైగా "రైతును ఆదుకోండి" అని ఒక మాట. జీవామృతం పోసి పండించాను కాబట్టి జనం నా గడప తొక్కాలని నాకు లోపల ఉండేది, ఒప్పుకోవాలి.

రేటు ఎందుకు తగ్గించలేనో లెక్క చెబుతా. మా పక్క వేరుశనగను బుడ్డలంటాం. కట్టె గానుగలో లీటరు నూనెకు రెండున్నర కేజీల బుడ్డల పప్పు పడుతుంది. కేజీ 120 చొప్పున 300. గానుగ కూలి 30, సీసా, మూత, లేబుల్ 20, ఆటో 10. మొత్తం 360. చెక్క కేజీన్నరకు కాస్త తక్కువ వస్తుంది, దాని మీద ఒక 55 తిరిగొస్తుంది. నాకు పడేది 305. అమ్మేది 360. ఆ 55లోనే నా పని, పెట్టుబడి వడ్డీ, పగిలిన సీసాలు. సూపర్ మార్కెట్‌లో రిఫైన్డ్ ప్యాకెట్ ఇందులో సగానికి కాస్త పైన. మాది నొక్కి పిండిన నూనె, చెక్కలో నూనె మిగిలిపోతుంది. వాళ్లది చెక్కలోంచి కూడా సాల్వెంట్‌తో లాగే పద్ధతి. ఆ రేటు పోటీలో దిగితే రెండో నెలకే గానుగ ఎద్దును అమ్ముకోవాలి.

అలాగని పెద్ద దుకాణం అరల్లోకి ఎక్కితే సరిపోతుందా అంటే, అదీ చేసి చూశా. పేరు ఎందుకు గానీ, ఒక సూపర్ మార్కెట్ వాళ్లు అడిగితే 120 సీసాలు ఇచ్చాను. ఎమ్మార్పీ 425, నాకు 320. నలభై అయిదు రోజులకు డబ్బు అన్నారు, మూడు నెలలు పట్టింది. నాలుగో నెలలో 38 సీసాలు వెనక్కి పంపారు. ట్యూబ్‌లైట్ల కింద అన్నాళ్లు నిలబడిన గానుగ నూనె ఎట్లుంటుందో మీకు చెప్పక్కర్లేదు, మూత తీస్తేనే కమురు వాసన. వాటిని దీపారాధనకని 150కి ఇచ్చేశాను. 82 సీసాల మీద వచ్చింది 26,240. దీపాల నూనె మీద 5,700. నాకు పడింది 36,600. నికరంగా 4,660 పోయింది. తప్పు వాళ్లదొక్కటే కాదు. నెలన్నరలో వాడాల్సిన సరుకును నెమ్మదిగా కదిలే అరలో పెట్టింది నేను.

కర్నూలు నుంచి వచ్చాక నేనూ మా ఆవిడా కూర్చుని పాత నోటుపుస్తకం తీశాం. ఒకప్పుడు 61 ఇళ్లు, ఆ రోజుకు 34. రేటు ముట్టుకోలేదు. మిగతా వాటి మీద పడ్డాం.

మొదట సరుకుల పట్టీ. ఇరవై మూడు రకాలు పెట్టి కూర్చున్నాం. చిరుధాన్యాలే అయిదు. పాలిష్ లేని కొర్ర బియ్యానికి తవుడు ఉంటుంది కాబట్టి రెండు నెలలు దాటితే పురుగు పడుతుంది. అరికలు, ఊదలు అడిగేది ముగ్గురే, వాళ్ల కోసం బస్తాలు నిల్వ. తీసేసి ఎనిమిది ఉంచాం. నంద్యాల పరిశోధనా స్థానం వాళ్ల సూర్యనంది కొర్ర ఉంది, మా బుడ్డల నూనె, కంది, కేసీ కెనాల్ కింద ఆళ్లగడ్డ వైపు మిత్రుడు పంపే బియ్యం, ఇలాంటివి. తక్కువ రకాలు పెట్టడం అనేది ఆ డిస్కౌంట్ వాళ్ల దగ్గర నేర్చుకున్నదే. చెప్పుకోవడానికి నామోషీ ఏం లేదు.

తర్వాత ఆదివారం అంగడి ఎత్తేశాం. బుధవారం రాత్రి వాట్సాప్‌లో పట్టీ పెడతాం, గురువారం సాయంత్రం అయిదున్నర తర్వాత రైల్వే క్వార్టర్స్, టీచర్ల ఇళ్ల వైపు మా ఆటో పోతుంది. రోజూ డెలివరీ చేయం. హైదరాబాదులో పది నిమిషాల్లో తెచ్చిస్తారట, మనకు అది వద్దు. వారానికి ఒక్కసారి, కానీ వానొచ్చినా తప్పదు. చెప్పిన పొద్దుకు వస్తే చాలు, పది నిమిషాలు ఎవరికీ అక్కర్లేదని మాకు మూడు వారాల్లోనే అర్థమైంది. అర లీటరు సీసా పెట్టాం, 185. రెండు లీటర్లకు 720 ఒకేసారి తీయలేక ఆగిపోయిన ఇళ్లు ఎన్నో అప్పుడు తెలిసింది. నింపిన సీసా మేం ఇస్తాం, ఖాళీది తీసుకుంటాం.

రాళ్ల సంగతికి ఎక్కువ రోజులు పట్టింది. కళ్లం మట్టి నేల కావడమే కారణం. టార్పాలిన్ పరిచి కొట్టడం మొదలుపెట్టాం, జల్లెడ మార్చాం, ఇద్దరు ఆడవాళ్లను పప్పు ఏరడానికి పెట్టుకున్నాం. కేజీకి నాలుగు రూపాయలు పెరిగింది. ఆ నాలుగు రూపాయలు ధరలో కలిపితే ఒక్కరూ మాట అనలేదు. కొర్ర ప్యాకెట్ మీద ఎంతసేపు నానబెట్టాలి, గ్లాసుకు ఎన్ని నీళ్లు అని పెద్దక్షరాల్లో రాశాం. ఇదంతా పొలం పని కాదు కదా అనిపిస్తుంది. నేను డిప్లొమా చదివిన రెండేళ్లలో విత్తనశుద్ధి నుంచి నిల్వ దాకా చెప్పారు, వంటింటి దాకా ఎవరూ చెప్పలేదు.

ఇప్పుడు 52 ఇళ్లు. తొమ్మిది ఇంకా రాలేదు, కొన్ని ఎప్పటికీ రావు. వచ్చినవాళ్లు కూడా సబ్బులు, చక్కెర, పేస్టు కర్నూలులోనే తెచ్చుకుంటారు. తెచ్చుకోనీ. ఆ మూడు వందలు మిగిలితేనే మా నూనెకు డబ్బు ఆడుతుందని ఒకామె మొహం మీదే చెప్పింది.

నాకు తెగని ముడి ఒకటుంది. మా చేలో బుడ్డలు పీకే వాళ్లు, బేతంచెర్ల బండల ఫ్యాక్టరీల్లో కోత మిషన్ల దగ్గర పనిచేసేవాళ్లు, వీళ్లకు 360 ఏం చేసినా అందదు. వాళ్లకు కర్నూలు క్యూ కూడా లేదు, నెల సరుకు ఒకేసారి కొనాలంటే చేతిలో డబ్బు ఉండాలి కదా. కిరాణా కొట్టులో పావు లీటరు పాకెట్ రిఫైన్డ్, అదీ ఖాతా మీద. చవక దుకాణం కూడా అందరికీ కాదు, ముందు డబ్బు పెట్టగలిగినవాళ్లకే. మా ఆవిడే ఒక రోజు అంది, "బుడ్డలు పీకింది వాళ్లు, నూనె తినేది రైల్వే వాళ్లు" అని. జవాబు రాలేదు నాకు. ఈ ఏడు నుంచి మా చేలో పనికి వచ్చినవాళ్లకు నెలకు ఒక లీటరు 305కే, మా ఖర్చుకే ఇస్తున్నాం. పదకొండు మంది తీసుకుంటున్నారు. 305 కూడా వాళ్లకు తక్కువేం కాదు.

ఈ మాట టీచరమ్మ చెవిన పడింది. పోయిన గురువారం ఆటో ఆగగానే, "నాకూ ఆ రేటు ఇయ్యొచ్చు కదా నాయనా?" అంది.

"కంది కోతకు రాండి మేడం, ఇస్తా," అన్నాను.

నవ్వింది. అర లీటరు సీసాలు రెండు తీసుకుంది, ఖాళీవి రెండు ఇచ్చింది, కందిపప్పు ప్యాకెట్ తెరిచి గుప్పెడు అరచేతిలో పోసుకుని వీధిలైటు కింద తిప్పి తిప్పి చూసింది. నేను ఆటో స్టార్ట్ చేయకుండా ఆమె చూడటం అయ్యేదాకా నిలబడ్డాను.