సంజీవయ్య పేరున్న గుమ్మానికి ఇంగ్లీషు గడియ

న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నవారు న్యాయవాద వృత్తిలో కొనసాగాలంటే బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నిర్వహించే అఖిల భారత బార్ పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. ఆ పరీక్షను తెలుగులో రాయవచ్చు. డాక్టరు కావాలనుకునే విద్యార్థి నీట్‌ను తెలుగులో రాయవచ్చు. ఇంజనీరు కావాలనుకునే విద్యార్థి 2021 నుంచి జేఈఈ మెయిన్‌ను కూడా తెలుగులో రాయవచ్చు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల ప్రవేశానికి రాయవలసిన క్లాట్ ఒక్కటే ఇంగ్లీషులో తప్ప మరో భాషలో ఉండదు. వకీలుగా కోర్టు మెట్లెక్కడానికి సరిపోయిన తెలుగు, వకాలత్ నేర్పే విద్యాలయం మెట్లెక్కడానికి పనికిరాదట! చాలామంది దీన్ని భాషా సమస్యగానే చూస్తారు. పామర్రు దళితవాడలో కొన్నేళ్లుగా సాయంత్రాలు పిల్లలను ఈ పరీక్షకు సిద్ధం చేస్తున్న న్యాయవాదిగా నేను దీన్ని కుల సమస్యగా చూస్తున్నాను.

పామర్రు విజయవాడ - మచిలీపట్నం రహదారి మీద ఉన్న ఊరు. నియోజకవర్గాల పునర్విభజన తరువాత 2009 ఎన్నికల నుంచి ఇది ఎస్సీ రిజర్వుడు అసెంబ్లీ స్థానం. అంటే శాసనాలు చేసే సభకు ఇక్కడి నుంచి దళితుడు తప్పనిసరిగా వెళతాడు. ఆ శాసనాలకు అర్థం చెప్పే న్యాయస్థానానికి ఎవరు వెళుతున్నారు? 2018 నుంచి దేశంలోని హైకోర్టులలో నియమితులైన 715 మంది న్యాయమూర్తులలో ఎస్సీలు 22 మంది, ఎస్టీలు 16 మంది, ఓబీసీలు 89 మంది అని 2025 మార్చిలో కేంద్ర ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది. 2011 జనగణన ప్రకారం దేశ జనాభాలో 16.6 శాతం ఉన్న షెడ్యూల్డు కులాలకు దక్కిన వాటా మూడు శాతం. న్యాయమూర్తుల నియామకంలో రిజర్వేషన్లు లేవు. సీనియర్ న్యాయవాదుల నుంచి, జిల్లా న్యాయమూర్తుల నుంచి వారిని ఎంపిక చేస్తారు. కనుక ఇరవై ఐదేళ్ల తరువాత ధర్మాసనం మీద ఎవరు కూర్చుంటారన్నది ఈనాడు ఏ విద్యార్థి ఏ న్యాయ కళాశాలలో చేరుతున్నాడన్న దాన్ని బట్టి చాలావరకు తేలిపోతుంది.

మన రాష్ట్రంలో ఆ చేరికకు రెండు దారులున్నాయి. ఒకటి లాసెట్. ప్రశ్నపత్రం ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఉంటుంది, తప్పు జవాబుకు మార్కు కోయరు, ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు కనీస అర్హత మార్కుల నిబంధన లేదు. మా వాడల నుంచి నల్లకోటు వేసుకున్న వారిలో అత్యధికులు ఈ దారిన వచ్చినవారే. నేనూ ఆ దారిన వచ్చినవాడినే. రెండోది క్లాట్. అంతకు ముందు ఒక్కో విశ్వవిద్యాలయం ఒక్కో పరీక్ష పెట్టేది. ఊరూరా తిరిగి పరీక్షలు రాయలేమని ఒక విద్యార్థి 2006లో సుప్రీంకోర్టుకు వెళ్లిన పర్యవసానంగా 2008లో క్లాట్ మొదలైంది. విద్యార్థుల భారం తగ్గించడానికి పుట్టిన పరీక్ష ఇది. ఏ విద్యార్థుల భారం అన్నదే నా ప్రశ్న.

ప్రస్తుతం క్లాట్ డిగ్రీ పరీక్షలో 120 ప్రశ్నలకు రెండు గంటల సమయం ఇస్తారు. ఇంగ్లీషు, వర్తమాన వ్యవహారాలు, న్యాయ తర్కం, తార్కిక వివేచన, గణిత సామర్థ్యం అని ఐదు విభాగాలు. ఇంగ్లీషు భాషకు పేరు చెప్పి కేటాయించింది ఐదో వంతు ప్రశ్నలే. కానీ మిగతా విభాగాలలోనూ ప్రశ్నలు చాలావరకు పొడవాటి ఇంగ్లీషు గద్యభాగాల మీదే ఉంటాయి. ఒక్కో గద్యభాగం దాదాపు 450 పదాలు. ప్రశ్నకు ఒక నిమిషం చొప్పున ఇచ్చే సమయంలోనే ఆ గద్యమంతా చదవాలి. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. న్యాయ తర్కం విభాగానికి చట్ట పరిజ్ఞానం ముందుగా అవసరం లేదని నిర్వాహకులే చెబుతారు. అవసరమైనది ఇంటి దగ్గర ఇంగ్లీషు దినపత్రిక తిరగేసి పెరిగిన వేగం. ఆ వేగం తెలివితేటలకు కొలత కాదు. ఏ ఇంట పుట్టారన్నదానికి కొలత.

ఇది ఊహించి అంటున్న మాట కాదు. మా తరగతిలో ఒక సాయంత్రం ఒక సమస్య ఇచ్చాను. ఒక ఊరిలో దళితులు తమ శ్మశానానికి ఒక రైతు పొలం మీదుగా నడుస్తారు. తాతల నాటి నుంచి అదే దారి. కొత్తగా పొలం కొన్న వ్యక్తి కంచె వేశాడు. ఇరవై ఏళ్లు శాంతియుతంగా, బహిరంగంగా, హక్కుగా, అంతరాయం లేకుండా దారిని వాడుకుంటే దాని మీద హక్కు ఏర్పడుతుందన్న 1882 నాటి ఈజ్‌మెంట్ల చట్టంలోని సూత్రాన్ని తెలుగులో బోర్డు మీద రాశాను. కురుమద్దాలి వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి, ఇంటర్ సీఈసీ చదువుతున్నది, లేచి అడిగింది: ‘సార్, పాత రైతును అడిగి నడిచారా, అడగకుండానే నడిచారా?’ ఆ వ్యాజ్యం మొత్తం ఆ ఒక్క ప్రశ్న మీదే తిరుగుతుంది. అనుమతితో నడిస్తే అది ఆ రైతు చూపిన దయ. అనుమతి అడగకుండా తమదిగా నడిస్తేనే అది హక్కు. లా చదివే విద్యార్థి ఆస్తి చట్టంలో నేర్చుకునే ఈ తేడాను ఆ అమ్మాయి పాఠం చెప్పకముందే పట్టుకుంది. ఎందుకంటే దయకూ హక్కుకూ ఉన్న తేడా మా వాడలో పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన విషయం కాదు. మరునాడు అలాంటి సమస్యనే ఇంగ్లీషులో, గడియారం పెట్టి ఇచ్చాను. సమయం ముగిసేసరికి ఆ అమ్మాయి గద్యభాగం రెండో పేరాలోనే ఉంది. క్లాట్ లెక్క ప్రకారం ఆమెకు న్యాయ తర్కం లేదు!

న్యాయ తర్కంతో మాకు ఉన్న సంబంధం తేలికైనది కాదు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు దళితులు హత్యకు గురయ్యారు. అప్పుడు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాదిగా ఉన్న బొజ్జా తారకం ఆ పదవికి రాజీనామా చేసి బాధితుల పక్షాన నిలిచారు. ‘పోలీసులు అరెస్టు చేస్తే’ అనే పుస్తకాన్ని సామాన్యుడి కోసం తెలుగులో రాసింది కూడా ఆయనే. 1991 ఆగస్టు 6న, కృష్ణకు ఆవలి ఒడ్డున, చుండూరులో ఎనిమిది మందిని చంపారు. అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక న్యాయస్థానాన్ని ఆ ఊళ్లోనే ఏర్పాటు చేయించుకోవడానికి దళితులు పెద్ద పోరాటమే చేయవలసి వచ్చింది. సాక్షులు తమ మాటలో, తమ ఊళ్లో సాక్ష్యం చెప్పారు. 2007 జూలైలో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు విధించింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు వారందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. భాష వల్లనే అలా జరిగిందని నేను అనడం లేదు. అయితే ఊళ్లో చెప్పిన సాక్ష్యానికి చివరి విలువ కట్టేది అప్పీలు న్యాయస్థానాలలోనే అని చుండూరు మాకు నేర్పింది. అక్కడ వాదించేవారిలో, వినేవారిలో మావాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. ఉన్న కొద్దిమంది ఏం చేయగలరో కూడా చూశాం. 1997లో గిరిజన ప్రాంతాల భూములను ప్రైవేటు సంస్థలకు గనుల లీజుకు ఇవ్వరాదన్న సమత తీర్పును రాసిన న్యాయమూర్తి కె. రామస్వామి, మన తెలుగు నేల దళితుడే.

‘హైకోర్టు, సుప్రీంకోర్టుల భాష ఇంగ్లీషు అని రాజ్యాంగం 348వ అధికరణమే చెబుతోంది కదా, ఇంగ్లీషు రానివారు అక్కడ ఏం చేస్తారు?’ అన్నది మొదటి అభ్యంతరం. నిజమే, ఇంగ్లీషు రావాలి. కానీ నేర్పవలసిన దాన్ని ప్రవేశానికి షరతుగా పెట్టడం ఏ విద్యా న్యాయం? ఐదేళ్ల కోర్సు అది. వైద్యం చదువు కూడా ఇంగ్లీషులోనే సాగుతుంది, అయినా నీట్ తెలుగులో ఉంది. పైగా కోర్టు అంటే హైకోర్టు ఒక్కటే కాదు. మచిలీపట్నం జిల్లా కోర్టులో సాక్షి చెప్పేది తెలుగులోనే, ఊళ్లో పంచనామా రాసేది తెలుగులోనే. సుప్రీంకోర్టు తన తీర్పులను తెలుగులోకి అనువదింపజేస్తోంది. 2023 జూన్‌లో తెలంగాణ హైకోర్టు ఒక కేసులో తీర్పునే తెలుగులో వెలువరించింది. న్యాయస్థానాలు మెల్లగానైనా ప్రజల భాష వైపు నడుస్తుంటే న్యాయ విద్యాలయాల గుమ్మం ఒక్కటే కదలకుండా ఉంది.

‘దళితులే కదా ఇంగ్లీషు చదువు కావాలన్నది’ అన్నది రెండో అభ్యంతరం, కొంత ఎత్తిపొడుపుతో కూడినది. 2019లో ప్రభుత్వ పాఠశాలల్లో ఇంగ్లీషు మాధ్యమం చర్చకు వచ్చినప్పుడు దళిత బహుజనుల్లో ఎందరో స్వాగతించిన మాట వాస్తవం. నేటికీ అదే కోరుతున్నాం. అడగవలసిన ప్రశ్న వేరు. ఇంగ్లీషును పాఠంగా ఇవ్వని వ్యవస్థ, దాన్నే పరీక్షగా ఎలా పెడుతుంది? మాకు ఇంగ్లీషు నిచ్చెనగా కావాలి, గడియగా వద్దు.

‘రిజర్వేషన్లు ఉన్నాయి కదా’ అన్నది మూడోది. ఉన్నాయి, ఆ సీట్లు నిండుతున్నాయి. నగరంలో ఇంగ్లీషు బడిలో చదివిన దళిత ఉద్యోగి బిడ్డ ఆ సీటు పొందితే నాకు ఆనందమే. హాస్టల్లో ఎదురయ్యే కుల వివక్ష ఆ బిడ్డనూ వదలదు. అయితే కూలి ఇంటి బిడ్డ రిజర్వేషన్ వరసలో నిలబడటానికి కూడా ముందు దరఖాస్తు చేయాలి. క్లాట్ దరఖాస్తు రుసుము జనరల్ వారికి 4,000, ఎస్సీ, ఎస్టీలకు 3,500 రూపాయలు. వేల ఏళ్ల వివక్షకు 500 రూపాయల రాయితీ! 2025-26లో రాష్ట్రంలో ఉపాధి హామీ రోజు కూలి 307 రూపాయలు. అంటే ఒక తల్లి పదకొండు రోజులకు పైగా మట్టి మోసి, ఒక్క రూపాయి కూడా తినకుండా దాచితే బిడ్డ దరఖాస్తు చేయగలదు. సీటు వస్తే కౌన్సెలింగ్‌కు మళ్లీ వేలల్లో ముందే కట్టాలి.

వీటన్నిటికీ మించిన అడ్డంకి సమాచారం. క్లాట్ డిసెంబరులో జరుగుతుంది. దరఖాస్తు గడువు అంతకు ముందే ముగుస్తుంది. లాసెట్ వేసవిలో వస్తుంది. ఇంటర్ పరీక్షలు అయ్యాక ‘ఇక ఏం చదవాలి’ అని ఆలోచించడం మన అలవాటు. ఆ ఆలోచన మొదలయ్యేసరికి క్లాట్ ఫలితాలు కూడా వచ్చేసి ఉంటాయి. పామర్రు సెంటరులో నిలబడి చూస్తే ఎంపీసీ, బైపీసీ ర్యాంకుల ఫ్లెక్సీలు కనిపిస్తాయి. సీఈసీ, హెచ్‌ఈసీ చదివే పిల్లలకు ఏ ఫ్లెక్సీ లేదు. ప్రభుత్వ జూనియర్ కళాశాలల్లో ఆ గ్రూపుల బెంచీల మీద ఎక్కువగా కూర్చునేది దళిత, వెనుకబడిన కులాల పిల్లలే. న్యాయవిద్యకు సహజంగా దగ్గరైన గ్రూపులు వారివే. ఆ మాట వారికి చెప్పేవారే లేరు.

2023లో క్లాట్‌ను భారతీయ భాషలలో నిర్వహించాలని ఢిల్లీ హైకోర్టులో ప్రజాహిత వ్యాజ్యం దాఖలైంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా ఆ కోరికను సమర్థించింది. విశ్వవిద్యాలయాల కన్సార్టియం నిపుణుల సంఘం, అధ్యయనం, అనువాదంలో ఇబ్బందులు అంటూ వచ్చింది. చట్టాలు, తీర్పులు అనువదిస్తున్న దేశంలో ఒక్క ప్రశ్నపత్రాన్ని అనువదించలేమనడం నమ్మశక్యం కాదు.

ఈ విషయంలో ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక బాధ్యత ఉంది. మన రాష్ట్ర జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం విశాఖ సమీపంలోని సబ్బవరంలో ఉంది. దానికి దామోదరం సంజీవయ్య పేరు పెట్టుకున్నాం. కర్నూలు జిల్లా పెద్దపాడులో నిరుపేద దళిత కుటుంబంలో పుట్టి, మద్రాసులో లా చదివి, 1960లో ముఖ్యమంత్రి అయిన మనిషి ఆయన. ఆ విశ్వవిద్యాలయం కన్సార్టియంలో సభ్యురాలు. కన్సార్టియంలో తెలుగు ప్రశ్నపత్రం కోసం మొదటి గొంతు అక్కడి నుంచే లేవాలి. పెద్దపాడు నుంచి నేడు బయలుదేరే బాలుడికి ఆ గుమ్మం తెరుచుకోకపోతే, దాని మీద ఆ పేరు ఉండి ఏం ప్రయోజనం?

కోరవలసినవి స్పష్టంగానే ఉన్నాయి. క్లాట్‌ను తెలుగు సహా భారతీయ భాషలలో నిర్వహించాలి. ప్రవేశం పొందిన వారికి మొదటి ఏడాది ఇంగ్లీషును విశ్వవిద్యాలయమే తన ఖర్చుతో నేర్పాలి. ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల దరఖాస్తు రుసుము రద్దు చేయాలి, అది జరిగేవరకు సాంఘిక సంక్షేమ శాఖ చెల్లించాలి. అంబేడ్కర్ గురుకులాలలో ఇంజనీరింగు, వైద్య ప్రవేశాలకు ఇచ్చే శిక్షణ న్యాయవిద్యకూ ఇంటర్ మొదటి ఏడాది నుంచే ఇవ్వాలి. లాసెట్‌నూ మార్చాలి. అధికరణాల సంఖ్యలు జ్ఞాపకం ఉన్నాయా అని అడగడం తగ్గించి, ఆలోచనను పరీక్షించే గద్యభాగాలను తెలుగులో ఇవ్వాలి. సులువైన ప్రశ్నపత్రాన్ని మా పిల్లలు అడగడం లేదు. తమకు అర్థమయ్యే భాషలో కఠినమైన ప్రశ్నపత్రం ఇమ్మంటున్నారు.

ఇవి సాధించేలోగా ఇంటర్ చదువుతున్న విద్యార్థులు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. క్లాట్‌కు ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు ఇంటర్‌లో 40 శాతం మార్కులు చాలు. ఏ గ్రూపు వారైనా రాయవచ్చు. సీటు వచ్చాక ఫీజు చూసి వెనుదిరగవద్దు. ఎంపిక చేసిన సంస్థలలో చదివే ఎస్సీ విద్యార్థుల ఫీజు భరించే కేంద్ర ప్రభుత్వ అత్యున్నత విద్యా ఉపకారవేతన పథకం ఉంది. పరిమిత సంఖ్యలోనే ఇస్తారు కనుక చేరిన వెంటనే అడగాలి. పేద విద్యార్థులను ఈ పరీక్షకు ఉచితంగా సిద్ధం చేయడానికి న్యాయ ఆచార్యుడు షమ్నాద్ బషీర్ 2010లో స్థాపించిన ఐడియా సంస్థ ఉంది. ఇంటర్ మొదటి ఏడాదిలోనే రోజుకు ఒక ఇంగ్లీషు సంపాదకీయం, గడియారం పక్కన పెట్టుకుని చదవడం మొదలుపెట్టండి. గడియ ఊడేదాకా గోడ ఎక్కడం నేర్చుకోక తప్పదు. కానీ గోడ ఎక్కిన ప్రతివారూ లోపలికి వెళ్లాక చేయవలసిన మొదటి పని ఆ గడియ తీయడమే.