దారి చెప్పినవాని యింటికే పోవలెనా?

ఇంటర్నెట్టున సమాచారము ప్యాకెట్లు అను చిన్న చిన్న భాగములుగా ప్రయాణించును. ఒక్కొక్క ప్యాకెట్టును గమ్యమువైపు మరలించు యంత్రమునకు రూటరు అని పేరు. ఒకే సంస్థకు చెందిన రూటర్లు తమలో తాము దారుల వివరములను పంచుకొనుటకు పాటించు నియమావళులలో ఓ.ఎస్.పి.ఎఫ్. ఒకటి. దాని రెండవ రూపమును జాన్ మాయ్ 1998వ సంవత్సరమున ఆర్.ఎఫ్.సి. 2328 అను పత్రమున సమగ్రముగా వివరించెను.

వెలుపలి గమ్యములకు దారి తెలిసిన సరిహద్దు రూటరు ఆ సంగతిని తక్కిన రూటర్లకు చాటును. ఆ ప్రకటనలో ఫార్వర్డింగ్ అడ్రసు అను నొక గడి కలదు. అందు 0.0.0.0 అని యున్నచో, 'ప్యాకెట్లను నాకే పంపుడు' అని యర్థము. వేరొక చిరునామా యున్నచో, 'దారి చెప్పినది నేనేగాని, ప్యాకెట్లను ఆ చిరునామాకు పంపుడు' అని యర్థము.

ఈ యేర్పాటు ఎందులకు? 'క', 'గ', 'చ' అను మూడు రూటర్లు ఒకే ఈథర్నెట్టుపై నున్నవనుకొందము. ఆ ఈథర్నెట్టు ఓ.ఎస్.పి.ఎఫ్. పరిధిలోనిదే. కాని 'చ' వెలుపలి సంస్థది, అది ఓ.ఎస్.పి.ఎఫ్.ను పాటింపదు. దాని చిరునామా 10.1.1.3. అది బి.జి.పి. అను వేరొక నియమావళి ననుసరించి తన దారులను 'క'కు మాత్రమే తెలిపినది. 'క' ఆ దారులను 0.0.0.0తో చాటినచో, 'గ' పంపు ప్యాకెట్టు ముందు 'క'కు పోయి, మరల అదే ఈథర్నెట్టుమీదుగా 'చ'కు రావలెను. ఎదురింటికి పోవుటకు ఊరంతయు చుట్టివచ్చినట్లగును! గడిలో 10.1.1.3 అని వ్రాసినచో ప్యాకెట్టు 'గ' నుండి నేరుగా 'చ'కు చేరును. దూరమును గూడ రూటర్లు ఆ చిరునామా వరకే లెక్కించును.

అయితే ఇందొక నిబంధన కలదు. ప్రకటనను వినిన రూటరుకు ఆ చిరునామాను చేరు దారి సంస్థ లోపలనే తెలిసియుండవలెను. అది ఒక ఏరియాలోని దారి యైనను, ఏరియాల నడుమ దారి యైనను చెల్లును. వెలుపలి దారిగా చాటబడినది చెల్లదు. తగిన దారి లేనిచో రూటరు ఆ ప్రకటనను లెక్కకు తీసికొనదు. ఏరియాల హద్దున ఎవరైన ఆ ఈథర్నెట్టు వివరమును అడ్డగించినచో ఇట్టి చిక్కు కలుగును. అప్పుడు యంత్రములన్నియు చక్కగా పనిచేయుచుండగనే ఆ గమ్యమునకు రాకపోకలు నిలిచిపోవచ్చును. ప్రకటన మాత్రము రూటరు వద్ద కనబడుచునే యుండును. సరిహద్దు రూటరును చేరగలమా యని చూచుటతోనే తృప్తిపడరాదు. ఆ గడిలోని చిరునామాను చేరగలమా యనియు చూడవలెను.

విద్యార్థులారా! ప్రకటన యుండుట వేరు, దారి యుండుట వేరు. ఈ విద్యను నేర్వగోరువారు మొదట గ్రహింపవలసిన భేదమిదియే.